రాసే ముందు చూడాలి

మన సాహితీ క్లబ్బులో ‘ఏమైనా రాశావా?’ అంటే కవితో కథో అని అర్థం. మా హాస్టల్ బ్లాకులో మాత్రం పోయిన వర్షాకాలమంతా ‘రాశావా?’ అంటే ఆయింట్‌మెంట్ సంగతే. ఈ వ్యాసం ఆ రెండో రాయడం గురించి. నవ్వుకుంటూ చదవడం మొదలుపెట్టినా పర్వాలేదు, చివరిదాకా చదవండి. ఇందులో మా తాత కన్ను కూడా ఉంది.

గుండ్రం మచ్చ

ఆగస్టులో నాకు బెల్టు కింద రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ వచ్చింది. అంచు కాస్త ఉబ్బెత్తుగా, పొట్టు రేగుతూ, మధ్యలో మామూలు చర్మంలా ఉంది. ఒకటే దురద. మనవైపు వర్షాకాలం ఎలా ఉంటుందో తెలిసిందేగా. సముద్రపు గాలిలో చెమట ఆరదు, బట్టలూ ఆరవు. తడి జీన్స్ వేసుకుని ల్యాబ్‌కి పరిగెత్తే బతుకు. మా రూమ్మేట్ చూసి, ‘ఒరేయ్, ఇది తామర. నాకూ వచ్చింది. ఈ ట్యూబు రాయి, నాలుగు రోజుల్లో పోద్ది’ అని తన ట్యూబు ఇచ్చాడు.

నిజంగానే నాలుగు రోజుల్లో ఎరుపు పోయింది, దురద పోయింది. ఆపేశాను. పది రోజులకి మళ్ళీ వచ్చింది, ఈసారి అరచేయంత. మళ్ళీ రాశాను, మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. దసరా సెలవులకి తొడలదాకా పాకింది. అప్పటికి గుండ్రం ఆకారం పోయి, అంచు ఎక్కడుందో తెలియకుండా అలుక్కుపోయింది. మా ఫ్లోర్లో ఆరుగురికి ఉంది. అందరం ఒకే రకం ట్యూబు రాస్తున్నాం. సిగ్గుపడి ఎవరం డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు.

చివరికి నేనొక్కణ్ణే ధైర్యం చేసి చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మేడమ్ ముందు మచ్చ చూడలేదు. ‘ఏం రాశావు? ట్యూబు తెచ్చావా?’ అని అడిగారు. తీసి ఇచ్చాను. ‘దీని మీద రాసి ఉన్నది ఎప్పుడైనా చదివావా?’ అన్నారు. ఇంజినీరింగ్ చదువుతున్నాను, డేటాషీట్లు చదువుతాను. నా ఒంటికి రాసుకునే ట్యూబు మీద అక్షరాలు మాత్రం చదవలేదు.

అందులో మూడు మందులున్నాయి. ఒకటి ఫంగస్‌కి, ఒకటి బాక్టీరియాకి, మూడోది క్లోబెటసాల్. మూడోది చర్మానికి రాసే స్టెరాయిడ్లలో చాలా బలమైనది.

స్టెరాయిడ్ ఏం చేస్తుంది?

ఎరుపు, వాపు, దురద ఫంగస్ నేరుగా చేసే పనులు కావు. ఫంగస్ వచ్చిందని మన శరీరం చేసే గొడవ అది. స్టెరాయిడ్ ఆ గొడవని ఆపుతుంది. అంటే ఫైర్ అలారం వైరు కత్తిరించడం. మోత ఆగుతుంది, మంట ఆగదు. కాపలావాడు నిద్రపోయాక ఫంగస్ హాయిగా పాకుతుంది. మందు ఆపగానే శరీరం లేచి చూస్తే, మచ్చ రెండింతలై ఉంటుంది.

ఇలా స్టెరాయిడ్ వల్ల రూపం మారిపోయిన తామరకి వైద్యంలో ఒక పేరుంది: టీనియా ఇన్‌కాగ్నిటో. అంటే మారువేషంలో ఉన్న తామర. 1968లో ఐవ్, మార్క్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ పేరు పెట్టారు. మన దేశంలో ఇది ఎంత ముదిరిందంటే, చర్మవైద్యుల జాతీయ సంఘం స్టెరాయిడ్ క్రీముల దుర్వినియోగం మీద ప్రత్యేకంగా ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టుకుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే స్టెరాయిడ్లు పద్నాలుగింటిని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మన ఫ్లోర్లో ఆరు ట్యూబులకీ ఒక్క చీటీ లేదు.

అలాగని స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఎగ్జిమాలో కూడా గుండ్రటి, దురద పెట్టే మచ్చలే వస్తాయి. అక్కడ స్టెరాయిడే సరైన మందు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు మచ్చలకి ఇవ్వాల్సిన మందులు మాత్రం ఒకదానికొకటి విరుద్ధం. ఇంకో సంగతి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉందంటే, ఆ జబ్బు మన ప్రాంతానికి ఎంత తెలిసినదో అర్థం చేసుకోండి. దానికి మందులు పూర్తిగా వేరు, పూర్తిగా నయమవుతుంది కూడా. అందుకే మచ్చని ‘తామరే’ అని తేల్చేముందు ఎవరో ఒకరు సరిగ్గా చూడాలి.

ఎలా చూస్తారు?

మేడమ్ మొండి బ్లేడుతో మచ్చ అంచు దగ్గర గీకి, పొట్టుని గాజు స్లైడు మీద వేశారు. మధ్యలో కాదు, అంచులోనే. ఫంగస్ బయటికి పాకుతూ ఉంటుంది కాబట్టి అది చురుగ్గా ఉండేది అంచులోనే. పైన ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే కేఓహెచ్ ద్రావణం వేశారు, పది శాతం.

మనం ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబులో చేతులు మాడతాయని భయపడిన కేఓహెచ్ అదే. దాని పని ఇక్కడ భలే సులువు. మన చర్మం పైపొర కెరాటిన్ అనే ప్రొటీన్. క్షారం దాన్ని కరిగించేస్తుంది. ఫంగస్ కణాల గోడలో కైటిన్ ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదే. అది అంత తేలిగ్గా కరగదు. పది ఇరవై నిమిషాలు ఆగితే చర్మం కరిగి పారదర్శకమవుతుంది, ఫంగస్ మిగిలిపోతుంది.

మేడమ్ నన్నూ మైక్రోస్కోపులో చూడమన్నారు. మొదట ఏమీ కనపడలేదు. వెలుతురు కాస్త తగ్గించాక కనిపించాయి: సన్నటి దారాలు, మధ్యమధ్యలో అడ్డగీతలు, అక్కడక్కడ కొమ్మలు. రెండు నెలలుగా నా ఒంటిమీద నాతో పాటు క్లాసుకి వస్తున్న జీవిని అప్పుడు మొదటిసారి చూశాను. అది ఏ జాతిదో తెలియాలంటే సబూరో అగార్ అనే మాధ్యమం మీద పెంచాలి. దానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ‘ఫంగస్ ఉందా లేదా’ అన్న ప్రశ్నకి మాత్రం ఒక చుక్క, ఒక స్లైడు, అరగంట చాలు.

మందు ఎందుకు కష్టం?

నాకో సందేహం ఉండేది. బాక్టీరియాకి ఇన్ని యాంటీబయాటిక్స్ ఉన్నాయి, ఫంగస్‌కి వాటిలో ఏదో ఒకటి వాడొచ్చుగా? కుదరదు. బాక్టీరియా మనకి చాలా దూరపు జీవి. ఫంగస్ కణానికి మన కణంలాగే కేంద్రకం ఉంది, లోపలి యంత్రాంగం కూడా చాలావరకు మనలాంటిదే. దాన్ని చంపే మందు మనకీ తగలొచ్చు. కాబట్టి తేడా ఎక్కడుందో వెతికి అక్కడే కొట్టాలి.

అలాంటి తేడా ఒకటి కణత్వచంలో ఉంది. మన కణాల పొరలో కొలెస్ట్రాల్ ఉంటుంది, ఫంగస్ పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఫంగస్ మందుల్లో ఎక్కువ భాగం ఈ ఎర్గోస్టెరాల్ చుట్టూనే తిరుగుతాయి. దాని తయారీలో ముందు దశలో పనిచేసే ఎంజైముని టెర్బినాఫిన్ ఆపుతుంది. తర్వాత దశలో ఎంజైముని క్లోట్రిమజోల్, కీటోకోనజోల్, ఇట్రాకోనజోల్ లాంటివి ఆపుతాయి. యాంఫోటెరిసిన్-బి అయితే తయారైన ఎర్గోస్టెరాల్‌నే పట్టుకుంటుంది.

ఇక్కడే మన దేశం ప్రపంచానికి ఒక కొత్త పేరు ఇచ్చింది, గర్వపడేది కాదు. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక తామర ఫంగస్‌కి ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు. ఆ పేరులో ఇండియా ఉంది. ఈ ఫంగస్‌లో చాలా రకాలు టెర్బినాఫిన్‌కి లొంగవు. టెర్బినాఫిన్ పట్టుకోవాల్సిన ఎంజైములో 397వ స్థానంలోని అమైనో ఆమ్లం మారడం దానికి ఒక ముఖ్య కారణం. తాళంలో ఒక్క పన్ను మారితే పాత తాళంచెవి తిరగనట్టే. ఇప్పుడిది యూరప్, అమెరికాల్లో కూడా కనిపిస్తోంది. నాలుగు రోజులు రాసి ఆపేసే మనలాంటివాళ్ళు, స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు, ఇలాంటి మొండి తామర దేశమంతా పాకడానికి తోడ్పడ్డాయని చర్మవైద్యులు చెబుతున్నారు.

నాకు మేడమ్ ఇట్రాకోనజోల్ బిళ్ళలు, స్టెరాయిడ్ లేని క్రీము ఇచ్చారు. ఇచ్చేముందు కాలేయం, గుండె సంగతి అడిగారు, వేరే మందులేమైనా వాడుతున్నానా అని అడిగారు. ఈ బిళ్ళలు కొన్ని మందులతో కలిస్తే ప్రమాదం, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి పనికిరావు. అందుకే నా చీటీ చూపించి మీరు కొనుక్కోకండి. భోజనం చేశాక వేసుకోమన్నారు, గ్యాస్ మాత్రలతో కలపొద్దన్నారు. క్రీము మచ్చ మీదే కాక చుట్టూ రెండు సెంటీమీటర్ల దాకా రాయమన్నారు. మచ్చ కనపడకుండా పోయాక కూడా రెండు వారాలు కొనసాగించమన్నారు. తువ్వాలు, దుప్పటి ఎవరితోనూ పంచుకోవద్దని, వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయమని చెప్పారు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ‘మీ ఫ్లోర్లో ఆరుగురూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి. లేకపోతే ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి తిరుగుతూనే ఉంటుంది.’ ఆరుగురం వెళ్ళాం. నాకు తగ్గడానికి రెండు నెలలు పట్టింది.

మా నాన్నమ్మ ఈ సంగతి విని, ‘సీమ అవిసాకు నూరి రాస్తే పోద్ది కదరా’ అంది. ఆ మొక్కకి మెట్టతామర అని కూడా పేరు. దాని ఆకుల్లో క్రైసోఫానిక్ ఆమ్లం ఉంటుంది, ఫంగస్ మీద కొంత పని చేస్తుంది. నాన్నమ్మ మాట ఉత్తిది కాదు. కానీ తొడలదాకా పాకిన మొండి తామరకి ఆ బలం చాలదు.

తాత కన్ను

ఇంతటితో అయిపోతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

మా ఊరు ఆమదాలవలస దగ్గర. డిసెంబర్ చివర్లో వరి నూర్పులప్పుడు తాతకి కంట్లో ఊక పడింది. ఫోన్ చేసినప్పుడు చెప్పాడు: ‘ఏటీ నేదు బావూ, ఊకడింది. సుక్కలేస్తన్నాను.’ మెడికల్ షాపులో ఇచ్చారట. నాకు సెమిస్టర్ పరీక్షలు. ‘సరే తాతా, వేసుకో, తగ్గిపోద్ది’ అని ఫోన్ పెట్టేశాను. ట్యూబు మీద అక్షరాలు చదవాలని మూడు నెలల ముందు నేర్చుకున్నవాణ్ణి, చుక్కల మందు పేరు అడగలేదు.

సంక్రాంతికి ఇంటికెళ్ళేసరికి పదిరోజులు దాటింది. కన్ను ఎర్రగా ఉంది, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. ‘పువ్వేసింది’ అన్నారు ఇంట్లో. మొదట్లో చుక్కలతో మంట తగ్గిందట, అందుకే ఎవరూ కంగారుపడలేదు. మధ్యలో నందివర్ధనం పూలరసం కూడా పిండారు. సీసా తీసి చదివాను. ఒక యాంటీబయాటిక్, దాని పక్కన డెక్సామెథసోన్. మళ్ళీ అదే స్టెరాయిడ్.

భోగి రోజు పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కి తాతని విశాఖపట్నం తీసుకెళ్ళాం. కంటి డాక్టర్ దీపం వెలుగులో చూసి, మచ్చ అంచులు ఈకల్లా చెదిరి ఉన్నాయని చెప్పారు. పొలంలో దెబ్బ, ఈకల్లాంటి అంచు అంటే మొదటి అనుమానం ఫంగస్ మీదే. కంట్లో మత్తు చుక్కలు వేసి, కార్నియా మీద పుండుని సన్నగా గీకారు. కార్నియా అంటే నల్లగుడ్డు మీద ఉండే అద్దంలాంటి పొర. గీకిన దాన్ని స్లైడు మీద పెట్టి, కేఓహెచ్ చుక్క వేశారు. అదే చుక్క, అదే అరగంట. అవే దారాలు. నాలుగైదు రోజుల తర్వాత కల్చర్లో ఫ్యుసేరియం అని తేలింది. మట్టిలో, పంట మొక్కల మీద ఉండే ఫంగస్ అది. ఊకతో పాటు వచ్చి కంట్లో దిగింది.

మందు నాటమైసిన్ చుక్కలు, ఐదు శాతం. దక్షిణాఫ్రికాలోని నాటల్ ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు కాబట్టి ఆ పేరు. తమిళనాడులోని అరవింద్ కంటి ఆసుపత్రులు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఖరీదైన వోరికోనజోల్ చుక్కలకన్నా ఈ పాత మందే మెరుగని తేలింది, ముఖ్యంగా ఫ్యుసేరియం మీద. మన దక్షిణాది రైతుల కళ్ళు ఆ సంగతిని ప్రపంచానికి నేర్పాయి.

మొదటి రోజుల్లో గంటకోసారి వెయ్యాలి, రాత్రి కూడా. పండగ మూడు రోజులూ నేను, అమ్మ వంతులేసుకుని ఆసుపత్రిలో చుక్కలు వేశాం. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. కన్ను నిలబడింది. మచ్చ మాత్రం మిగిలిపోయింది. ఇప్పుడు తాత ఆ కంటితో గుమ్మంలో నిలబడ్డ మనిషిని పోల్చుకుంటాడు, పేపరు చదవలేడు. చూపు ఇంకా కావాలంటే దాత ఇచ్చిన కార్నియా వెయ్యాలన్నారు.

మొదటిరోజే వచ్చి ఉంటే ఎలా ఉండేదని డాక్టర్‌ని అడిగాను. ‘ఆ చుక్కలు వేయకుండా వచ్చి ఉంటే చాలా మెరుగ్గా ఉండేది’ అన్నారు. నేను ఫోన్లో అన్న ‘తగ్గిపోద్ది’ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. తాత ఇప్పటికీ ఆ మాట ఎత్తడు.

అదే తప్పు, పెద్ద ఎత్తున

2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా రెండో వేవ్‌లో ‘బ్లాక్ ఫంగస్’ అని టీవీల్లో మోగిపోయింది. దాని అసలు పేరు మ్యూకర్‌మైకోసిస్. నిజానికి ఆ ఫంగస్ నల్లగా ఉండదు. అది రక్తనాళాల్లోకి దూరి రక్తం అందకుండా చేస్తే, చచ్చిన కండ నల్లబడుతుంది. అదుపులో లేని సుగర్, దానికి తోడు అవసరానికి మించి వాడిన స్టెరాయిడ్లు, ఈ రెండూ కలిసినచోట అది ఎక్కువగా పట్టుకుంది. ముక్కులోంచి తీసిన ముక్కని కేఓహెచ్‌లో పెట్టి చూస్తే, తామరలోలా సన్నటి దారాలు కాక, అడ్డగీతలు దాదాపు లేని వెడల్పాటి పట్టీల్లా కనిపిస్తుంది. ఆ స్లైడు చూశాక ఆగడానికి లేదు, చచ్చిన కండ కోసేయాలి, యాంఫోటెరిసిన్-బి ఎక్కించాలి. ఆ నెలలో ఆ ఇంజక్షన్ కోసం జనం ఎంత తిరిగారో చూశాం. మన రాష్ట్ర ప్రభుత్వం ఈ జబ్బుని ఆరోగ్యశ్రీలో చేర్చింది కూడా అప్పుడే.

తామర ప్రాణం తియ్యదు, కంటి ఫంగస్ చూపు తీస్తుంది, బ్లాక్ ఫంగస్ ప్రాణమే తీస్తుంది. మూడూ వేరు వేరు జబ్బులు. కానీ ఏ ఫంగసో, అసలు ఫంగస్ అవునో కాదో చూడకుండా వాడిన స్టెరాయిడ్ మూడింటిలోనూ శత్రువుకే సాయం చేసింది.

మనం చేయగలిగింది

డాక్టర్లం కాము కాబట్టి మనం మందు రాయలేం. చదవడం మాత్రం మనకి వచ్చు.

ట్యూబు గానీ, చుక్కల సీసా గానీ చేతిలోకి తీసుకోగానే బ్రాండ్ పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాలు చదవండి. పేరు చివర ‘సోన్’ అనో ‘సొలోన్’ అనో ఉంటే స్టెరాయిడ్ కావచ్చు: బీటామెథసోన్, డెక్సామెథసోన్, మొమెటసోన్, ప్రెడ్నిసొలోన్. క్లోబెటసాల్ పేరు చివర అలా ఉండదు, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోండి. వీటిలో ఏది కనిపించినా డాక్టర్ చెప్పకుండా వాడొద్దు.

మచ్చ రెండు వారాల్లో తగ్గకపోయినా, పాకుతున్నా, తగ్గి మళ్ళీ వచ్చినా చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళండి. శ్రీకాకుళం రిమ్స్, నెల్లిమర్ల మిమ్స్, విశాఖ కేజీహెచ్, అన్నిచోట్లా ఆ విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు రాసిన ట్యూబులన్నీ పట్టుకెళ్ళండి. ‘గీకి చూస్తారా?’ అని అడగడం తప్పేం కాదు. సిగ్గుపడితే అది మన ఫ్లోరంతా తిరుగుతుంది.

కంట్లో ఊక, ఆకు, మట్టి ఏది పడినా మంచినీళ్ళతో కడిగి, మర్నాటికి ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టరే. పూలరసం వద్దు, తల్లిపాలు వద్దు, ఆముదం వద్దు, షాపు చుక్కలు అసలొద్దు. ఇంటి దగ్గర పొలం ఉన్నవాళ్ళు ఈ పేరా వరకైనా అమ్మానాన్నలకి చదివి వినిపించండి. ఈ పత్రిక వాళ్ళు చదవరు, మీరు చెబితే వింటారు.

ఈ ఏడాది నూర్పులకి ముందు వర్క్‌షాపులో వేసుకునేలాంటి ప్లాస్టిక్ కళ్ళద్దాలు నాలుగు కొని ఇంటికి పట్టుకెళ్ళాను. గ్రైండింగ్ దగ్గర అవి లేకపోతే మన సార్ లోపలికి రానివ్వరు కదా. నూర్పు మిషను దగ్గర ఎగిరే ఊక అంతకన్నా తక్కువేం కాదు. తాత మొదట నవ్వాడు: ‘ఏట్రా ఇది, సినిమా యేసమా?’ అన్నాడు. తర్వాత పెట్టుకున్నాడు. కళ్ళంలో మిగతా వాళ్ళకీ తనే పంచాడు.